ముద్ర పడిన కాగితం

నాలుగో పేపరు మీద ముద్ర సగమే పడింది. కొమురెల్లి ఇంకు డబ్బా మూత తీసి, గుడ్డ మీద రెండు చుక్కలు పోసి, వేలితో అదిమి, ముద్రను మళ్లీ అద్ది, ఈసారి మొదటి పేజీ పైమూలన గట్టిగా నొక్కాడు. చుట్టూ శాఖా గ్రంథాలయం అన్న అక్షరాలు, నడుమ తారీఖు. ఆ తారీఖు చక్రాన్ని రోజూ తొమ్మిదింటికి ఒక మెట్టు తిప్పుతున్నది ఇరవయ్యేడేళ్లుగా అతడే. ముద్ర వేశాక పేపరును సూదీదారంతో మూడుచోట్ల కుట్టాలి. కుట్టకపోతే తలా ఒక పేజీ పంచుకుంటారు, సినిమా పేజీ ఇక తిరిగిరాదు. లోపలికి వచ్చిన ఏ కాగితమైనా, పుస్తకమైనా, పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరమైనా ముద్ర పడకుండా బల్ల ఎక్కడానికి వీల్లేదు. అది గ్రంథాలయం పద్ధతి. ఆ పద్ధతిని అతడు తన పెళ్లినాటి మాటకన్నా గట్టిగా పట్టుకున్నాడని భార్య శంకరవ్వ దెప్పుతుంటుంది.

మనిషి పొట్టి. ఎడమ భుజం కొంచెం కిందికి జారి ఉంటుంది. కళ్లజోడు కాలు విరిగితే దారం చుట్టుకున్నాడు. కుడి బొటనవేలి గోరు ఎంత తోమినా నీలంగానే ఉంటుంది. కరీంనగర్ నుంచి గంటన్నర బస్సు దూరంలో ఉన్న ఆ ఊళ్లో వీధికి పది షెడ్లు, షెడ్డు నిండా సాంచెలు, అంటే కరెంటుతో నడిచే మగ్గాలు. కొమురెల్లి కూడా పన్నెండేళ్లు సాంచెల మీద పనిచేశాడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి పోయింది. చెవి పోయాక గ్రంథాలయంలో ఊడ్చే పనికి కుదిరాడు. ఇప్పటికీ కాగితాల మీద పార్ట్‌టైం ఊడ్చేవాడే. తలుపు తీసేదీ మూసేదీ, పుస్తకాలు ఇచ్చేదీ తీసుకునేదీ కూడా అతడే. పైన ఉండాల్సిన లైబ్రేరియన్ కుర్చీ ఆరేళ్లుగా ఖాళీ. మూడు ఊళ్ల గ్రంథాలయాలకు ఇన్‌ఛార్జిగా ఉన్న పద్మలత మేడం గురువారం గురువారం వచ్చి సంతకాలు పెట్టి పోతుంది.

ఊడ్చేవాడిని పంతులును చేసింది కూడా పద్మలతే. ఏడాదిన్నర కిందట పైనుంచి ఒక కార్యక్రమం వచ్చింది. ఫోన్లలో వచ్చేదాంట్లో ఏది నిజమో ఏది అబద్ధమో జనానికి నేర్పాలట. దాని అసలు పేరు చాంతాడంత పొడుగు, ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. ఫోన్ బడి అన్నారు. కొమురెల్లిని కరీంనగర్‌లో రెండు రోజులు కూర్చోబెట్టి, ఒక సంచీ, ఒక ఫైలు, ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపారు. మంగళవారం, శుక్రవారం పదకొండింటికి బడి. బడికి వచ్చినవాళ్లు తెచ్చిన మెసేజీని ప్రింటు తీయించాలి, రిజిస్టర్లో నంబరు వేయాలి, ముద్ర కొట్టి బోర్డుకు గుచ్చాలి. తర్వాత అది ఎక్కడిదో ఎప్పటిదో వెతకాలి. రెండు ఆధారాలు దొరికాకే దాని కింద ఎర్ర పెన్నుతో నిజం అనో తప్పు అనో రాయాలి. ఒక్క ఆధారంతో రాయకూడదు. ఈ ఏడాదిన్నరలో నలభై ఒక్కటి తప్పులు తేలాయి, మూడు నిజాలు. ఊరు అతణ్ని అసహ్యించుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

"తెలివి నేర్పవచ్చిండు, ఊడ్చుకునేటోడు" అనేవారు, అతనికి వినపడే చెవి వైపే. ఎదురుగా జిరాక్సు దుకాణం వెంకటి మరీ ముఖ్యంగా అనేవాడు. వాడలో నాలుగు వందల ఇండ్లున్న వాట్సాప్ గ్రూపుకు అతడు అడ్మిన్. ఏదో ఆకు రసం తాగితే షుగరు పోతుందని వెంకటి పంపితే, కొమురెల్లి తప్పు అని రాశాడు. అప్పటికే ఒకాయన షుగరు గోలీలు మానేసి కళ్లు తిరిగి పడ్డాడు. ఆ ఇంటివాళ్లు వెంకటిని ఏమీ అనలేదు. కొమురెల్లితో మాత్రం మాటలు బందు పెట్టారు. చెప్పేవాడి మీద కోపం చూపించినంత సుఖం మరోదాంట్లో లేదు కాబోలు ఆ ఊరికి.

పదింటికి జమున వచ్చింది. ఆమెది ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్రను ఆనుకున్న ఊరు. నెలకోసారి వచ్చి వాడలు తిరుగుతుంది. ఆడవాళ్లు తల దువ్వుకున్నప్పుడు రాలిన జుట్టును చుట్టి దాచిపెడితే, చేత్తో బరువు చూసి, బదులుగా స్టీలు గిన్నెలో గంటెలో ఇస్తుంది. భుజాన గోనెసంచి, చేతిలో గిన్నెల మూట, ఎండకు నెత్తికి చుట్టిన తువ్వాల.

"భావూ, జర పాణి పోసుకుంట" అంది, అన్నను మరాఠీలో పిలిచినట్టు.

"పోసుకో చెల్లె. రంజన్ పొద్దుగాలనే నింపిన."

మూలనున్న మట్టికుండలోంచి సీసా నింపుకుని, సగం అక్కడే తాగి, ఆమె కొంగు ముడిలోంచి ఫోన్ తీసింది. "బిడ్డ ఫోటో పంపిందట. అస్తలేదు. దీనికేమైందో చూడు భావూ."

ఫోన్ నిండిపోయింది. రోజూ ఎవరెవరో పంపే శుభోదయం పువ్వులు, దీపాలు వందలకొద్దీ ఉన్నాయి. జమునకు చదవను రాదు, తీసేయనూ రాదు. కొమురెల్లి ఓపికగా ఒక్కొక్కటే చెరిపాడు. చోటు దొరకగానే ఫోటో దానంతట అదే తెరుచుకుంది. పచ్చటి గుడ్డలో చుట్టిన పసిగుడ్డు, మూసిన కళ్లు, ఇంత ముక్కు.

"మన్మరాలు. మొన్న పుట్టింది" అంది జమున. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. "రేపటి బస్సుకు పోత. గీ రెండు వాడలు జేసుకుంటే అయిపాయె."

"ఎండ మస్తున్నది. పైలంగ తిరుగు."

ఆమె వెళ్లాక అతడు రంజన్‌ను మళ్లీ నింపాడు. తనను పనికొచ్చేవాడిగా చూసే మనిషి నెలకోసారైనా వస్తుంది కదా అని అతనికి సంతోషంగా ఉండేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పదకొండింటికి బడికి తొమ్మిదిమంది వచ్చారు. అందులో ఏడుగురు ఫ్యాను కోసం. మిగతా ఇద్దరిలో ఒకడు సాంబయ్య. అరవయ్యారేళ్లు, ముప్పై ఎనిమిదేళ్లు సాంచెలు నడిపినవాడు. మస్కట్‌లో పనిచేసే కొడుకు ఫోన్ పంపిస్తే, దాన్ని బుద్ధిగా నేర్చుకోవాలని నోటుబుక్కు పట్టుకుని వస్తాడు. ఈ రోజు అతని చేతిలో వెంకటి దుకాణంలో తీయించిన రంగుల కాగితం ఉంది.

"తమ్మీ, గిది నా తరఫున బోర్డు మీద వెట్టు. ఇన్ని దినాల సంది వాళ్లయి వీళ్లయి వెట్టినవు. నాదొక్కటి గూడ లేదు."

కొమురెల్లి నంబరు వేశాడు, ముద్ర కొట్టాడు, గుండుసూది గుచ్చాడు. ఆ తర్వాతే చూశాడు. భుజాన మూట ఉన్న ఒక ఆడమనిషి, చుట్టూ జనం, కింద పెద్ద అక్షరాలు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా మన జిల్లాలో దిగిందట. జుట్టు కొంటామని ఆదిలాబాద్ వైపు నుంచి వస్తారట. కనిపిస్తే వదలొద్దట.

"జర మంచిగ చూడుండ్రి" అన్నాడు, చెవిటివాళ్ల అలవాటు కొద్దీ గట్టిగా. "మనకు మే నెల. గీ ఫోటోల అందరు స్వెటర్లేసుకున్నరు. ఎనుక దుకాణం బోర్డు తెలుగుల లేదు. గిది మన దిక్కుదే కాదు."

"ఆదిలాబాద్ల చలి ఎక్కువుంటదిగా" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"అయితే తప్పని రాయి తమ్మీ" అన్నాడు సాంబయ్య.

కొమురెల్లి ఎర్ర పెన్ను తీశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఉన్నది ఒక్క ఆధారం, అదీ తన కన్ను. "శుక్రారం దాక రెండోది దొరకవడ్త. గప్పటిదాక గిట్లనే ఉండనీ అన్నా" అన్నాడు. పద్ధతి తప్పనివాడినని అతనికి గర్వం. ఆ గర్వం తప్ప అతనికి ఆ ఊరు వేరే ఏదీ మిగల్చలేదు. జమున గుర్తుకు రాకపోలేదు. సాయంత్రం నీళ్లకు వస్తే ఓ మాట చెబుదాం, అనుకున్నాడు. అంతే అనుకున్నాడు.

బడి అయ్యాక సాంబయ్య వెనక ఉండిపోయి, బోర్డు మీది తన కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు. కొడుక్కు పంపుతానన్నాడు. బడికి వెళ్తున్నందుకు వాడంతా నవ్వుతుంటే పడ్డవాడు, ఒక్క గ్రూపుకే పంపకుండా ఉంటాడా?

ఒంటిగంటన్నరకు కొమురెల్లి టిఫిన్ డబ్బా తెరిచాడు. బీరకాయ కూర, అన్నం. రెండు ముద్దలు తినేసరికి జేబులో ఫోన్ గజగజలాడింది. ఎడమ చేత్తో తీసి చూశాడు. వాడ గ్రూపులో తన బోర్డు, తన గుండుసూది, తన ముద్ర. కింద సాంబయ్య మాట, మా బడిల ఇయ్యాల నమోదైంది అని. దాని కింద వెంకటి మాట. సర్కారు ముద్ర పడ్డది, ఇగ అనుమానం లేదు, పిల్లలను ఇండ్లల్లకెళ్లి బయటికి పంపకుండ్రి.

కొమురెల్లి ఎంగిలి చేత్తోనే ఇది తప్పు అని రాయబోయాడు. రాసే చోటు మూసి ఉంది. అడ్మిన్ తప్ప ఎవరూ రాయకుండా వెంకటి గ్రూపుకు తాళం వేశాడు. డబ్బా మూత పెట్టకుండానే రోడ్డు దాటాడు.

వెంకటి ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు తీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"వెంకటీ, గా ఫోటో తప్పు. తీసెయ్యి."

"ముద్ర నీదా, కాదా?"

"నాదే. కాగితం అచ్చిందని ఏసే ముద్ర గది. నిజమని ఏసేది గాదు."

"గట్లనా?" వెంకటి ఇప్పుడు తల ఎత్తాడు. "యాడాదిన్నర సంది నేను పంపినయన్నిటికి ఎర్ర పెన్నుతోని తప్పని రాసినవు. వాడల నా ఇజ్జత్ దీసినవు. దీనికి రాయలే. రాయలేదంటే నిజమన్నట్టే గదనే?"

 వెంకటి చెప్పింది అబద్ధమని అనడానికి లేదు.

"గ్రూపు జర తెరువు. రెండు ముక్కలు రాస్త. గామె మన ఊర్లె తిరుగుతుంది, పరేషాన్ చేస్తరు."

"పిల్లల పానాల సంగతి ఇది. నీ బడి సంగతి గాదు. పో."

పద్మలతకు ఫోన్ చేశాడు. ఆమె మీటింగులో ఉంది. గొంతు తగ్గించి, "మీరేం రాయకండి కొమురెల్లి గారూ. ఆ కాగితం బోర్డు మీదికెళ్లి తీసెయ్యండి ముందు. గురువారం వస్త కదా, చూద్దాం. మన పేరు బయటికి రావొద్దు" అని పెట్టేసింది. గురువారానికి ఇంకా రెండు రోజులుంది.

అతడు బోర్డు మీది కాగితాన్ని పీకి, బల్ల మీద పరిచి, ఎర్ర పెన్నుతో ఇంతింత అక్షరాలతో తప్పు అని రాశాడు. రెండో ఆధారం లేకుండా అతడు రాసింది అదొక్కటే. మధ్యాహ్నం రెండింటికి గ్రంథాలయానికి తాళం వేసి, సైకిలెక్కాడు. అది కూడా అతని కొలువులో మొదటిసారే.

ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడింది. మొదటి వాడలో జమున లేదు. అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు పిల్లలను లోపలికి తోసి తలుపులు దగ్గరగా వేసుకుని ఉన్నారు. ఒకామె అతణ్ని చూసి తలుపు తీసి మరీ పిలిచింది.

"నువ్వే గదా అన్నా ముద్రేసింది! మంచి పని జేసినవు. ముందుగాల ఎర్కైంది."

ఇంకో ఇంటి ముందు ముసలాయన చేతులెత్తి దండం పెట్టాడు. ఇరవయ్యేడేళ్లలో ఆ ఊరు అతణ్ని మెచ్చుకోవడం అదే మొదలు. కొమురెల్లి "తప్పు, తప్పు" అంటూ కాగితం చూపిస్తూ తొక్కుతూనే ఉన్నాడు. వాళ్లు కాగితం వైపు చూసి ముద్ర ఉందని తృప్తిగా తల ఊపారు.

రెండో వాడ మలుపులో అతనికి కాళ్ల కింద ఏదో తేడాగా తోచింది. చెవి సగమే పనిచేసినా, సాంచెల అదురు అతనికి నేలలోంచి తెలుస్తుంది. అక్కడ అదురు లేదు. షెడ్లన్నీ ఆగి ఉన్నాయి. కరెంటు ఉంది, స్తంభం మీద బల్బు పట్టపగలే వెలుగుతోంది. పనివాళ్లు మాత్రం లోపల లేరు.

అందరూ చివరి షెడ్డు గోడ దగ్గర ఉన్నారు. ముప్పై నలభై మంది. వాళ్లలో సగంమంది అతడు రోజూ పేపరు అందించే మనుషులే. గోనెసంచి చీలి ఉంది. నల్లటి జుట్టు, నెరసిన జుట్టు, గోరింటాకు జుట్టు ఉండలు ఉండలుగా మట్టిలో పడి ఉంది. గిన్నెలు కాళ్ల కింద నలిగి ఉన్నాయి. జమున గోడకు ఆనుకుని కూర్చుంది. తల మీద తువ్వాల లేదు. ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో అతణ్ని గుర్తుపట్టింది.

"భావూ, జెప్పు" అంది. అంతకంటే ఆమెకు శక్తి లేదు.

"గీమె మన ఎంట్రుకలామెనే! ఏండ్ల సంది అస్తది, అందరికెర్కే గదా! గీ ఫోటో తప్పు, నేనే చెప్తున్న, ముద్రేసినోన్ని నేనే చెప్తున్న!" అని కొమురెల్లి అరిచాడు. కాగితాన్ని తల మీదికి ఎత్తాడు.

ఒక చెయ్యి దాన్ని లాక్కుంది. "ముద్ర పొద్దుగాలది. తప్పని ఇప్పుడే రాసుకచ్చిండు, చూడుండ్రి, సిరా గూడ ఆరలే" అన్నాడా చెయ్యి మనిషి.

"ఎన్ని గిన్నెలిచ్చిందే నీకు?" అన్నారెవరో వెనకనుంచి.

చెంప మీద దెబ్బ పడింది. కళ్లజోడు ఎగిరిపోయింది. అతడు వెళ్లి జమున ముందు కూలబడ్డాడు, వీపు జనం వైపు పెట్టి. కొన్ని తన్నులు అతనికి తగిలాయి, కొన్ని దాటి ఆమెకు తగిలాయి. తనకు తగిలినవి తక్కువని అతనికి ఆ తర్వాత చాలాకాలం సిగ్గుగా ఉండింది.

పోలీసు జీపు, అంబులెన్సు వచ్చేసరికి అక్కడ జనం ఎవరూ లేరు. ఎవరి షెడ్డులోకి వాళ్లు పోయారు. అంబులెన్సులోకి ఎక్కించేటప్పుడు జమున చెయ్యి పక్కకు వేలాడుతుంటే కొమురెల్లి ఎత్తి పొట్ట మీద పెట్టాడు. బండి మలుపు తిరగకముందే సాంచెలు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి.

అతడు కళ్లజోడు వెతుక్కుని, మట్టిలో పడి ఉన్న కాగితాన్ని తీసుకుని, సైకిల్ నడిపించుకుంటూ గ్రంథాలయానికి వచ్చి తాళం తీశాడు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పాఠకుల సమయం. మూయడానికి అతనికి మనసు ఒప్పలేదు, ఇంటికి వెళ్లడానికి కాళ్లు ఒప్పలేదు. నలుగురు వచ్చి పేపర్లు చదువుకున్నారు. అతని చెంప వాచి ఉండటం చూశారు, ఎవరూ అడగలేదు. అందులో ఒకడు వెళ్తూ వెళ్తూ, "మధ్యాన్నం తాళమేసి పోయినవట. పైకి రాసి పంపుత" అన్నాడు.

ఆరుంపావుకు కానిస్టేబుల్ ఒకతను లోపలికి వచ్చి చుట్టూ చూశాడు.

"కొమురెల్లంటే నువ్వేనా? గా కాగితమియ్యి. దాన్ని ఎక్కించిన రిజిస్టర్ గూడ ఇయ్యి."

కొమురెల్లి రెండూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఆమెకెట్లున్నది సార్?"

కానిస్టేబుల్ కాగితాన్ని నాలుగు మడతలు పెడుతున్నాడు. "కరీంనగర్ దాక పోలే. తొవ్వలనే పోయింది" అన్నాడు. మడతను గోటితో గీరి రిజిస్టర్లో పెట్టుకున్నాడు. "పొద్దుగాల స్టేషన్‌కు రా. గా ముద్ర గూడ తీస్కరా."

అతడు వెళ్లాక కొమురెల్లి బల్ల మీది పేపర్లు మడిచి పక్కన పెట్టాడు. ఎర్ర పెన్ను పొద్దున్నే వాడి ఉంటే, అనుకున్నాడు. ఎక్కడ మొదలుపెట్టినా ఆలోచన అక్కడికే వచ్చి ఆగింది. ఇరవయ్యేడేళ్లు పద్ధతిగా బతికినందుకు తనమీద తనకు రోత పుట్టింది. పసిగుడ్డు ఫోటో ఆ ఫోన్‌లో ఉంది. ఆ ఫోన్ ఎక్కడ పడిపోయిందో.

తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. సాంబయ్య భార్య బుచ్చవ్వ గడప అవతలే నిలబడింది. ఆమె ఎప్పుడూ గ్రంథాలయంలోకి రాలేదు.

"కొమురెల్లీ, మీ అన్న మధ్యాన్నం సంది అన్నం ముట్టలే. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఏమైందంటె చెప్తలేడు. బడిల ఏమన్న అన్నవా?"

"ఏమనలే వదినె."

"ఏమో మరి." ఆమె లోపలికి వచ్చి, కొంగు చాటునుంచి ఒక పాలిథిన్ కవరు తీసింది. "గా ఎంట్రుకలామె గీడ నీళ్లకస్తదట గదా. కిందటిసారి చిన్న గిన్నె ఇస్తనన్నది, అప్పుడు నా తాన తక్కువుండె. గిప్పుడు సరిపోతయి. వాడకట్టుకు రాలేదియ్యాల. పిల్లలనెత్తుకపొయ్యేదాన్ని దొరకవట్టి కొట్టిండ్రట గదా, గా లొల్లికి భయపడి పోయినట్టున్నది పాపం. దానికైతే మంచిగైంది గానీ, మన ఆమెకు అన్యాలంగ ఇయ్యాల బేరం పాయె."

కొమురెల్లి ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె నిజంగానే అడుగుతోంది.

"వేర్వేరు ఇద్దరు లేరు వదినె" అన్నాడు. గొంతు చిన్నగా వచ్చింది. అతడు అంత మెల్లగా మాట్లాడటం ఎవరూ విని ఉండరు. "వాళ్లు కొట్టింది మన ఆమెనే. తొవ్వల పానం పోయిందట."

బుచ్చవ్వ ఒకసారి ఖాళీ బోర్డు వైపు చూసింది. ఆమెకు చదువు రాదు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి గుర్తొచ్చాడేమో, చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. తర్వాత కొంగు తల మీదికి లాక్కుని, వెనక్కి తిరిగి, గడప దాటి, ఇంటికి కాకుండా జమునను కొట్టిన రెండో వాడ వైపు గబగబా నడిచింది.

కవరు తీసుకుపోలేదు. రిజిస్టర్ లేని బల్ల మీద, కొబ్బరినూనె మరకల పాలిథిన్ లోపల, సాంచె దారంతో గట్టిగా ముడివేసిన పిడికెడు నెరసిన జుట్టు ఉంది.